బాటసారి మూట – తడవని సంచి

సికింద్రాబాదు నుండి ఉత్తరంగా నాగపూరుకు పోయే రహదారి బోయిన్‌పల్లి మీదుగా సాగుతుంది. ఒకప్పుడు 7వ నంబరు జాతీయ రహదారి అనిపించుకొని 2010 తరువాత 44వ నంబరు పొందిన ఈ బాట, కొంపల్లి, మేడ్చల్, తూప్రాన్‌లు దాటి, నిజామాబాదు జిల్లాలో ప్రవేశించి, నిర్మల్‌కు పోయే ముందు గోదావరిని దాటుతుంది. ఈనాడు బోయిన్‌పల్లి అనగానే నగరవాసులకు గుర్తుకు వచ్చేది కూరగాయల మార్కెట్టు. కాని ఆ ఊరి పేరు చెవిని పడగానే పాత తెలుగు పుస్తకాలు చదివినవారికి మరొకటి స్ఫురిస్తుంది. తెలుగులో బోయీ అంటే పల్లకి మోసేవాడు. రైలుబండి రాకముందు దక్కను బాటల మీద దూరప్రయాణమంటే బోయీల భుజాల మీద, కావడివాండ్ల భుజాల మీద, ఎద్దుల వీపుల మీద సాగిన ప్రయాణమే.

అట్టి ప్రయాణాలలో తెలుగువారు మరువరానిది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో బయలుదేరి, కడప, శ్రీశైలాల మీదుగా హైదరాబాదు వచ్చి, అక్కడి నుండి నాగపూరు మార్గాన కాశీకి పోయి, గయ, కలకత్తా, పూరీలు చూచుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. వెంట సుమారు నూరుమంది జనం. మే నెల నడుమ మద్రాసు విడిచినవారు హైదరాబాదు చేరేసరికి వానలు పట్టుకొన్నవి. అక్కడి నుండి నాగపూరు పోవాలంటే నల్లరేగడి భూములు తొక్కాలి, నిండుగా పారే గోదావరిని దాటాలి. డేరాలు, బియ్యం, బట్టలు, పూజాసామగ్రి, రాసుకొనే కాగితాలు – ఇన్నీ తడవకుండా కాశీ చేరాలి. 1838లో అచ్చయిన ఆయన యాత్రాచరిత్రకు ఆధారం ప్రయాణంలో రాసుకొన్న ఆ కాగితాలే. అవి వానకు తడిసి చెరువుపాలై ఉంటే ఆనాటి తెలుగుదేశపు వర్ణన ఒకటి మనకు దక్కకపోయేది.

బాటసారి మూటను తడవకుండా కాపాడడం ఎంత పాత సమస్యయో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును. ఈ సమస్య ఈనాటికీ తీరలేదు. పర్వతారోహకులు, అడవిబాటల వెంట వారాల తరబడి నడిచేవారు వీపుసంచిలో పెట్టుకొనే పలుచని, తేలికైన 'పొడిసంచి' ఈ సమస్యకు కడపటి పరిష్కారం. దుకాణాలలో ఇవి పది రకాలు కనబడతవి. ఒకటి నూరు రూపాయల ప్లాస్టిక్కు సంచి, మరొకటి వేల రూపాయల ఖరీదైన తెల్లని, కాగితం వలె గరగరలాడే సంచి. దేనిని ఎన్నుకోవాలో తెలియాలంటే ఇవి ఏ దారిన వచ్చినవో కొంత తెలుసుకోవడం మంచిది.

నీటిని ఆపడానికి మనవారు పూర్వం వాడినవి ప్రధానంగా మూడు: తోలు, ఉన్ని, మైనపు గుడ్డ.

తోలు సంగతి తెలిసిందే. నీటిని మోసే తిత్తి, నీటి మీద తేలే పుట్టి – రెండూ తోలుతో చేసినవే. వెదురు బుట్టకు పశువుల తోళ్లు కప్పి చేసిన పుట్టులలో కృష్ణా తుంగభద్రలను దాటడం దక్కనులో అనాదిగా ఉన్నది. 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన వజ్రాల వర్తకుడు తవెర్నియే, ఈ పుట్టుల అడుగున కట్టెలు పరచి, వాటిపై జంపఖానాలు వేసి, సామాను తడవకుండా వాటి మీద పెట్టి దాటించేవారని వర్ణించాడు. అంటే పుట్టి అడుగున కొంత నీరు చేరక తప్పదని దాటించేవారికి తెలుసునన్న మాట! 1803లో మరాఠాలతో యుద్ధానికి వచ్చిన ఆర్థర్ వెలెస్లీ కూడా నదులు దాటడానికి ఇట్టి పుట్టులను సిద్ధం చేయించుకొన్నాడు. అయితే తోలుకు రెండు దోషాలున్నవి. అది బరువు. పైగా నాలుగు రోజులు నాని ఉంటే మెత్తబడి కుళ్లుతుంది.

ఉన్ని విషయంలో తెలంగాణ గొంగడిని చెప్పుకోవాలి. దక్కను గొర్రెల ముతక ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించే ఈ నల్లని గొంగడిని కాపరి ఒక మూల మడిచి కొప్పెర వలె నెత్తిన వేసుకొంటే ఒక మోస్తరు వాన లోనికి దిగదు. ఉన్ని వెంట్రుకను అంటి ఉండే మైనం వంటి కొవ్వుపదార్థమే ఇందుకు ముఖ్యకారణం. తడిసినా గొంగడి వెచ్చదనం పూర్తిగా పోదు. కాని తడిసిన గొంగడి బరువేమిటో మోసినవారికే తెలుసు.

మైనపు గుడ్డ కథ వేరు. నేసిన గుడ్డకు మైనమో, ఆరే స్వభావం గల అవిసె నూనెయో పట్టించి తయారు చేసే ఈ గుడ్డ కంపెనీ పాలనలో తపాలుకు, కచేరీ కాగితాలకు పైచుట్టుగా వాడేవారు. గంటల బరిసె చేత బట్టి పరుగెత్తే తపాలు జవాను సంచిలోని జాబులను వానాకాలంలో కాపాడినది ఇదే.

గుడ్డకు మైనం పట్టిస్తే నీరు ఎందుకు దిగదు? గుడ్డ నిండా రంధ్రాలే కదా అని ఎవరైనా అడుగవచ్చు. మామూలు నూలు గుడ్డ మీద నీటిచుక్క పడితే అది పరచుకొని నూలుపోగులను అంటుకొని లోనికి ఇంకుతుంది. మైనం మీద పడిన చుక్క పరచుకోదు. తామరాకు మీది నీటిబొట్టు వలె గుండ్రంగా నిలుస్తుంది. చుక్క అంచు మైనపు తలంతో చేసే స్పర్శకోణం 90 డిగ్రీలకు మించి, సుమారు 110 డిగ్రీల వరకు ఉంటుంది. అట్టి సన్నని రంధ్రంలోకి నీరు దూరాలంటే తలతన్యత దానిని వెనుకకు నెట్టివేస్తుంది. కేశనాళికలో పాదరసం పైకి పాకక కిందికి దిగినట్లే ఇదీ. రంధ్రం ఎంత సన్ననైతే ఈ ఎదురునెట్టు అంత ఎక్కువ. రంధ్రపు వ్యాసం మిల్లీమీటరులో పదవ వంతు అనుకొని లెక్కవేస్తే, సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు నీటిస్తంభం కలిగించే పీడనాన్ని మాత్రమే అది ఆపగలదని తేలుతుంది. నిదానంగా కురిసే తుంపరకు ఇది చాలును. బలంగా పడే చినుకుకు, నీటి మడుగులో ఆనిన మూటకు చాలదు. కాబట్టి మైనం పోగులకు పట్టించితే చాలదు, రంధ్రాలను పూర్తిగా పూడ్చాలి. పూడ్చితే గుడ్డ బరువెక్కుతుంది. ఎండలో మైనం కరిగి జిగురవుతుంది. నూనె గుడ్డ మడతల దగ్గర పగులుతుంది. నీరు ఆగడానికీ బరువు తగ్గడానికీ మధ్య ఉన్న ఈ పేచీయే తరువాతి చరిత్ర అంతా.

నిజానికి ఆనాడు బరువును గురించి ఎవరూ అంతగా చింతించలేదు. మోసేవాడు వేరు, మూట యజమాని వేరు. ఇది కఠినంగా తోచినా చెప్పక తప్పని మాట. వీరాస్వామయ్య యాత్రకు దశాబ్దం ముందు ఇదే హైదరాబాదు కేంద్రంగా జరిగిన భూమికొలత ఇందుకు సాక్ష్యం.

1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి విలియం లాంబ్టన్ ప్రారంభించిన మహాత్రికోణమితి సర్వే క్రమంగా ఉత్తరంగా పాకుతూ నిజాం రాజ్యంలోకి వచ్చింది. కోణాలు కొలిచే అతని పెద్ద థియోడలైటు బరువు సుమారు అర టన్ను. దానిని కొండశిఖరాలకు, గుడిగోపురాలకు ఎక్కించడం మనుషుల పని. 1818 చివర లాంబ్టన్‌కు సహాయకుడుగా జార్జి ఎవరెస్టు హైదరాబాదు వచ్చి చేరాడు. సర్వేవారికి ఒక చిత్రమైన చిక్కు ఉండేది. ఎండాకాలంలో దుమ్ము, మంచువంటి ఆవిరి గాలిని కప్పి దూరపు శిఖరాలు కనబడవు. వానలు పడి గాలి కడిగినట్లయినపుడే ముప్పై నలబై మైళ్ల దూరం స్పష్టంగా కనబడుతుంది. అందువల్ల బుద్ధిమంతులందరూ ఇంటిపట్టున ఉండే వానాకాలమే వారికి పని కాలం. తడవకుండా ఉండడం అసాధ్యమైన రోజులలో, తడిస్తే పాడయ్యే పరికరాలతో, లెక్కల పుస్తకాలతో అడవులలో తిరగవలసి వచ్చేది.

1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవులలో పనిచేస్తున్న ఎవరెస్టు బృందాన్ని జ్వరం పట్టుకొన్నది. సుమారు 150 మంది పడకవేశారు. వారిని తీసుకొని రావడానికి హైదరాబాదు నుండి ఏనుగులను, పల్లకీలను పంపవలసి వచ్చింది. దారిలోనే 15 మంది చనిపోయారు. ఎవరెస్టు కోలుకోవడానికి మరుసటి సంవత్సరం ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు పోవలసి వచ్చింది. తడిబట్టలు, చెమ్మ, అడవి గాలి ఈ జ్వరానికి కారణమని ఆనాటి వైద్యుల నమ్మకం. చెమ్మది దోషం కాదనీ, ఆ చెమ్మలో పుట్టే దోమది దోషమనీ తేలడానికి మరి 78 ఏండ్లు పట్టింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచినది బోయిన్‌పల్లికి కొద్ది మైళ్లలో ఉన్న బేగంపేటలోనే. కనుక తడిస్తే చలిజ్వరం వస్తుందన్న పాతమాటను పక్కన బెట్టవచ్చును. తడి వేరొక విధంగా ప్రాణం తీస్తుంది. అది ముందు చెప్పుకొందాము.

లాంబ్టన్ 1823 జనవరి 20న నాగపూరు బాటలోనే, హింగన్‌ఘాట్ అనే చోట డేరాలో కన్నుమూశాడు. అదే 1823లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో చార్లెస్ మాకింటాష్ అనే రసాయనజ్ఞుడు ఒక కొత్త గుడ్డకు పేటెంటు పొందాడు. బొగ్గు నుండి దీపాల గ్యాసు తీసే కర్మాగారాలలో మిగిలే తారు నుండి వచ్చే నాఫ్తాలో రబ్బరు కరుగుతుంది. ఆ ద్రావణాన్ని ఒక గుడ్డకు పూసి, దాని మీద మరొక గుడ్డను అద్ది, రెండింటి నడుమ రబ్బరు పొర నిలిచేటట్లు చేశాడు. ఈ గుడ్డలో రంధ్రమన్నది లేదు. తలతన్యత దయమీద ఆధారపడవలసిన అవసరమూ లేదు.

అయితే పచ్చి రబ్బరు చలికి గట్టిబడి విరుగుతుంది; వేడికి జిగటబడుతుంది. మన వేసవిలో అది ఎట్లుండేదో ఊహించుకోవచ్చును! రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ దోషం పోతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ 1839లో కనిపెట్టాడు. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ అదే పనిని తన దారిన సాధించి 1843లో పేటెంటుకు పోయాడు. రబ్బరులోని పొడవైన అణుగొలుసులను గంధకం అక్కడక్కడ ముడివేస్తుంది. ముడిపడిన గొలుసులు సాగుతవి గాని ఒకదానిపై ఒకటి జారిపోవు. ఆ తరువాత ఒక శతాబ్దం పాటు సైన్యాలు, నావికులు, అన్వేషకులు వాడిన నేలదుప్పట్లు, వానకోట్లు, సంచులు ఈ రబ్బరు గుడ్డవే. నీరు ఆగింది. బరువు మాత్రం తగ్గలేదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత అమెరికా సైన్యం అమ్మివేసిన రబ్బరు పడవలు, సంచులు కొనుక్కొని నదులలో విహరించేవారు బయలుదేరారు. అయితే పడవలో వేసుకొనేవానికి సంచి బరువుతో పనేమి?

బరువు ప్రశ్నగా మారినది యజమానియే కూలీ అయిన నాడు. అమెరికా తూర్పున అపలేచియన్ పర్వతాల వెంట మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగే కాలిబాట ఒకటి ఉన్నది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏండ్ల ముదుసలి ఆ బాట మొత్తాన్ని ఒంటరిగా నడిచింది. ఆమె భుజాన ఉన్నది ఇంట్లో కుట్టుకొన్న ముతక గుడ్డ సంచి. వాన వస్తే కప్పుకోవడానికి స్నానాలగదిలో వేలాడదీసే ప్లాస్టిక్కు తెర. నిపుణులు ఆమెను చూచి నవ్వి ఉండవచ్చు గాని, ఆ ప్లాస్టిక్కు తెర మాకింటాష్ గుడ్డ కంటె ఎన్నో రెట్లు తేలిక. 1990లలో రే జార్డిన్ వంటివారు దూరపు నడకలకు బరువు తగ్గించుకోవడాన్నే ఒక పద్ధతిగా బోధించారు. సంచి బరువు గ్రాములలో తూచడం అప్పటినుండి అలవాటయింది.

ఇటువంటి తెలివి అమెరికా ముసలమ్మకే చెల్లునని అనుకోనక్కరలేదు. యూరియా సంచులు వచ్చిన తరువాత మన పల్లెలలో గొంగడి కొప్పెర స్థానాన్ని ఖాళీ యూరియా సంచి ఆక్రమించింది. ఒక మూలను మరొక మూలలోకి దోపితే క్షణంలో కొప్పెర సిద్ధం. నాట్లు వేసే ఆడవారు, పశువులు కాసే పిల్లలు దానితోనే వాన గడుపుతారు. ఎరువు చెమ్మదాకి గడ్డకట్టకుండా కంపెనీ చేసిన ఏర్పాటు, వానలో నడిచేవానికి ఉచితంగా దొరికిన పొడిసంచి. లోపలి పొర పాలిథీను. 1933లో ఇంగ్లండులో ప్రయోగశాలలో అనుకోకుండా ఏర్పడిన మైనం వంటి తెల్లని పదార్థం ఇది. చూడగా పాత మైనపు గుడ్డకు దూరపు చుట్టమే. రెండూ కర్బన, ఉదజని పరమాణువుల గొలుసులే, పాలిథీను గొలుసు చాల పొడవు, అంతే.

తేలికైన గుడ్డకు దారి చూపినది నైలాను. 1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోదర్స్ తయారుచేసిన ఈ దారం యుద్ధకాలంలో పారాచూట్లకు పోయింది. దారం సన్నదనాన్ని 'డెనియర్' అనే కొలతతో చెబుతారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పొడిసంచులకు వాడే మంచి నైలాను 30 డెనియర్లు లేదా అంతకంటె సన్నం. ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,849 మీటర్లు. సముద్రమట్టం నుండి ఆ శిఖరం దాకా వేలాడదీసిన ఒక పోగు ముప్పై గ్రాములైనా తూగదన్న మాట.

కాని నేసిన నైలాను జల్లెడే. దానికి పూత కావాలి. 1937లో జర్మనీలో ఆటో బేయర్ కనిపెట్టిన పాలియురెథేను మొదటి పూత. ఇది చవుక, కుట్ల మీద పట్టీ అంటించడానికి వీలైనది. కాని చెమ్మ, వేడి కలిసినచోట దీని అణుబంధాలను నీరే తెంచివేస్తుంది. కొన్నేండ్లు పెట్టెలో మడిచి ఉంచిన సంచి ఒకనాడు తీసి చూస్తే జిగటగా, పుల్లని కంపుతో ఉండడానికి కారణమిదే. హైదరాబాదు వంటి ఊళ్లలో వానాకాలపు ఉక్క దీనికి బద్ధశత్రువు. రెండవ పూత సిలికోను. ఇది పోగులలో ఇంకి, గుడ్డ చినుగును తట్టుకొనే శక్తిని కూడా పెంచుతుంది, నీటికి చెడదు. అయితే దానిమీద ఏ పట్టీ అంటదు, కుట్ల రంధ్రాలను సిలికోను జిగురుతోనే పూడ్చాలి. మూడవది పడవపందెపు తెరచాపల నుండి వచ్చింది. 1992 అమెరికా కప్పు పందెంలో గెలిచిన పడవ పేరు మీద 'క్యూబెన్' అని మొదట పిలువబడి, ఇప్పుడు డైనీమా అనే పేరుతో చలామణి అవుతున్న ఈ వస్తువు నేసినది కాదు. అత్యంత పొడవైన అణుగొలుసులు గల పాలిథీను పోగులను రెండు పలుచని పాలియెస్టరు పొరల మధ్య అతికినది. సాగదు, నీరు పీల్చదు. కాని పదే పదే మడిచినచోట, రాపిడి తగిలినచోట సూదిమొన వంటి బెజ్జాలు పడతవి. ధర మాట చెప్పనక్కరలేదు.

ఇక లెక్కకు వద్దాము. పది లీటర్లు పట్టే సంచిని 20 సెంటీమీటర్ల వ్యాసం గల స్తూపమనుకొంటే దాని ఎత్తు 32 సెంటీమీటర్లు. మూతి చుట్టడానికి మరి 15 కలపండి. పక్క, అడుగు కలిసి గుడ్డ వైశాల్యం సుమారు 0.33 చదరపు మీటర్లు. చదరపు మీటరు అరకిలో తూగే దళసరి పి.వి.సి. గుడ్డతో కుడితే సంచి 165 గ్రాములు. 45 గ్రాములు తూగే సిలికోను నైలానుతో కుడితే 15 గ్రాములు. 35 గ్రాములు తూగే డైనీమాతో కుడితే 12 గ్రాములు. కట్టుకొనే పట్టీ, బకిలు ప్రతి దానికీ ఉండేవే. మొదటి రెంటికీ 150 గ్రాముల తేడా ఉన్నది. అయిదు సంచులు మోసేవానికి అది ముప్పాతిక కిలో. తరువాతి రెంటికీ ఉన్న తేడా 3 గ్రాములు. ఆ మూడు గ్రాములకై రెట్టింపు, మూడింతలు ధర పెట్టడం సంచి వంటి చిన్న వస్తువు విషయంలో వివేకమనిపించదు. డేరాకు ఎంతో గుడ్డ పడుతుంది కనుక అక్కడ మాట వేరు.

దుకాణంవారు ఘనంగా చెప్పే మరొక సంఖ్య నీటిస్తంభపు ఎత్తు. గుడ్డ మీద గొట్టం నిలిపి నీరు పోస్తూ పోతే ఎంత ఎత్తుకు చేరినపుడు చెమ్మ దిగుతుందో దానిని మిల్లీమీటర్లలో చెబుతారు. పాత మైనపు పోగుల గుడ్డ 100 మిల్లీమీటర్లని పైన చూచాము. ఇప్పటి గుడ్డలలో 1,500 మొదలు 10,000 పైదాకా ఉన్నవి. ఎక్కువైన కొద్దీ మంచిదని తోచవచ్చు. కాని వీపుసంచి లోపల ఉండే పొడిసంచి మీద చినుకు పడదు. వాగు దాటుతూ మనిషి జారి సంచి మీటరు లోతున మునిగినా దాని మీది పీడనం 1,000 మిల్లీమీటర్లే. మరి అది లొంగేది ఎప్పుడు? దానిని మోకాటితో అదిమినపుడు. 60 కిలోల మనిషి 50 చదరపు సెంటీమీటర్ల మోకాటి మీద భారం మోపితే చదరపు సెంటీమీటరుకు 1.2 కిలోలు, అంటే 12 మీటర్ల నీటిస్తంభంతో సమానం. తడినేల మీద సంచిని పెట్టి, గాలి పోగొట్టడానికి దాని మీద మోకాలు వేయడం చాలమందికి అలవాటు. ఆ అలవాటును మానితే 2,000 మిల్లీమీటర్ల గుడ్డ చాలును.

నిజమైన దొంగదారి గుడ్డ కాదు, మూతి. తవెర్నియే నాటి పుట్టికి తోలు అతుకు ఎట్లో, నేటి సంచికి కుట్టు, మూతి అట్లు. మూతి అంచులు రెండూ చేర్చి, కనీసం మూడు చుట్లు చుట్టి, కొసలు వంచి బకిలు పెడితే నీరు ప్రతి మడతలోను దారి వెతుక్కోవలసి వస్తుంది. నిండా కుక్కి ఒక్క చుట్టుతో సరిపెట్టిన వేల రూపాయల సంచి కంటె, ముప్పాతిక నింపి మూడు చుట్లు చుట్టిన చవుక సంచి మేలు. అయినా ఈ మూతి క్షణకాలపు మునకకు తట్టుకొనేదే గాని గంటలకొద్దీ నీటిలో ఉండడానికి కాదు.

ఇంతకూ ఇంత శ్రమ దేనికి? బట్ట తడిస్తే ఆరేసుకోవచ్చునే! మైదానంలో అది నిజం. కొండమీద కాదు. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు ఎక్కువగా ఉష్ణాన్ని వహిస్తుంది. పడకసంచిలోని పక్షిఈకల మెత్తదనం వెచ్చగా ఉండడానికి కారణం ఈకలు కావు, వాటి నడుమ చిక్కుకొన్న గాలి. తడిస్తే ఈకలు ముద్దకట్టి ఆ గాలి పోతుంది. శరీరం 35 డిగ్రీలకు దిగువకు చల్లబడితే ముందు చేతులు పనిచేయవు, ఆ తరువాత బుద్ధి పనిచేయదు. గడ్డకట్టే చలి ఇందుకు అవసరం లేదు. పది డిగ్రీల వానగాలి చాలును. కనుక వీపుసంచిలో ఉన్నవాటిలో తడవకూడనివి నిజానికి రెండే: పడకసంచి, రాత్రి తొడుక్కొనే పొడిబట్టలు. ఈ రెంటికీ ఒక మంచి పొడిసంచి. మిగిలిన సామానంతటికీ వీపుసంచి లోపల అస్తరు వలె ఒక పెద్ద దళసరి పాలిథీను సంచి. అన్నిటికీ రంగురంగుల చిన్న సంచులు కొనడం డబ్బుకూ బరువుకూ చేటు.

ఈ నాగపూరు బాట పోయే నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ, భువనగిరి కొండరాళ్ల మీద ఎక్కడం నేర్చుకొని, 2014 మే 25న టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేండ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెతో పాటు శిఖరం ఎక్కాడు. వానాకాలపు అడవిలో జ్వరంతో పడి బోయీల భుజాల మీద హైదరాబాదు చేరిన ఆ సర్వే ఉద్యోగి పేరే 1865లో ఆ శిఖరానికి పెట్టారు. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఎక్కడం పూర్తిచేసింది. ఆమె కంటె ముందు, నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో అదే ఏడు శిఖరాలను 172 రోజులలో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఎక్కుతూ ఆయన మరణించాడు.

అంతటి ఎత్తులలో ఒక విశేషమున్నది. అక్కడ వాన లేదు, నీరంతా మంచుగడ్డయే. అయినా తడి తప్పదు. అది మనిషి చెమట నుండి, ఊపిరి నుండి వస్తుంది. నీటిని బయట ఆపే పొర లోపలి ఆవిరిని కూడా లోపలే ఆపుతుంది. చెమ్మగా ఉన్న మేజోళ్లను పొడిబట్టలతో కలిపి సంచిలో మూటకట్టితే తెల్లవారేసరికి అన్నీ చెమ్మవే. పొడిసంచి పొడిని పుట్టించదు. ఉన్న పొడిని నిలుపుతుంది, ఉన్న తడినీ నిలుపుతుంది. అందువల్ల పడకసంచిని మూటకట్టే ముందు కాసేపు ఎండలో విప్పి ఉంచడం కొండలలో తిరిగేవారి నియమం.

మోత సంగతి కూడా పూర్తిగా మారిపోయిందని చెప్పలేము. ఎవరెస్టు యాత్రల సామాను చాలవరకు ఈనాటికీ షెర్పాల వీపుల మీద, జడలబర్రెల వీపుల మీదనే పోతుంది. అట్టి సామానుకు వాడే పీపాలు, దళసరి సంచులు బరువైనవే.

తన సంచిని తానే మోయదలచినవాడు కొనేముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉన్నది. ఇంటికి తెచ్చిన సంచిని తిరగవేసి ముప్పాతిక భాగం నీరు నింపి, మూతి చుట్టి, దండెం మీద ఒక గంట వేలాడదీయాలి. కింద పాతకాగితం పరచి ఉంచితే చుక్క ఎక్కడి నుండి పడినదీ తెలుస్తుంది. సాధారణంగా అది అడుగుకుట్టు మూలనే పడుతుంది. సిలికోను గుడ్డయితే సిలికోను జిగురు, పాలియురెథేను పూత గలదైతే ఆ జాతి జిగురు లోపలి వైపున పూసి ఒక రాత్రి ఆరనిస్తే సరిపోతుంది. నాలుగైదేండ్లు వాడిన సంచికి ప్రతి వానాకాలానికి ముందు ఈ పరీక్ష మళ్లీ చేయాలి. పూత జిగటబడి ఊడుతున్నట్లయితే జిగురుతో బాగుపడదు. దానిని ఉల్లిగడ్డలకో, బొగ్గులకో వదలిపెట్టి మరొకటి కొనుక్కోవడం మంచిది.